కార్డు పర్లాకిమిడిలో, మనిషి ఖతార్‌లో: ఒక కేస్ స్టడీ

2024 ఆగస్టులో ఒక మధ్యాహ్నం కాశీనగర్ వైపు పల్లె నుంచి ఒక ఇల్లాలు ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలోని మా ఇంటికి వచ్చింది. కొంగు ముడి విప్పి ఏటీఎం కార్డు తీసి బల్ల మీద పెట్టింది. “బాబుగారూ, మూడు చోట్ల పెట్టి చూశాను. డబ్బు రావడం లేదు. పాస్‌బుక్కులో మాత్రం ఉంది” అంది. పాస్‌బుక్కులో ఉన్నది 4,62,000 రూపాయలు. ఆమె అత్తగారు గడప దగ్గర జారిపడి, తుంటి ఎముక విరిగి, శ్రీకాకుళంలో ఆసుపత్రిలో ఉన్నారు. ఆపరేషనుకు లక్షా అరవై వేలు కట్టాలి. ఖాతా భర్త పేరున ఉంది. అతను ఖతార్‌లో ఉన్నాడు.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. చివరి తొమ్మిదేళ్లు గంజాం, గజపతి జిల్లాల శాఖల్లోనే గడిచాయి. పదవీ విరమణ తర్వాత, గల్ఫ్‌కు వెళ్లినవారి కుటుంబాలకు బ్యాంకు కాగితాల విషయంలో సాయం చేస్తున్నాను. కార్డు పనిచేయలేదని వచ్చేవారు తరచుగా ఉంటారు. కాని కార్డు, ఫోను నంబరు, పేరు, సంతకం, ఈ నాలుగూ ఒకే ఖాతాలో ఒకేసారి తెగిపోవడం నేను మొదటిసారి చూశాను. అందుకే దీన్ని పూర్తిగా రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకుంది. వారిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

భర్త వయసు అప్పటికి 36. ఎనిమిదో తరగతి వరకు తెలుగులో చదివాడు, వెల్డింగు నేర్చుకున్నాడు. 2019లో వెళ్లాడు. దోహాకు దక్షిణాన ఉన్న మెసయీద్ పారిశ్రామిక ప్రాంతంలో పైపుల వెల్డింగు పని. జీతం అక్కడి జీతాల కార్డులో పడుతుంది. నెలకోసారి స్వదేశానికి డబ్బు పంపే ఎక్స్ఛేంజి హౌసుకు వెళ్లి, 2013లో ఇక్కడ తెరిచిన మామూలు పొదుపు ఖాతాకు డబ్బు పంపేవాడు. వెళ్లేటప్పుడు కార్డు, పిన్, సిమ్ వేసిన చిన్న ఫోను భార్యకు ఇచ్చి వెళ్లాడు. ఈ చుట్టుపక్కల పది ఇళ్లలో ఎనిమిదింట ఏర్పాటు ఇదే అనిపిస్తుంది నాకు. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. ఇల్లు నడవాలి, బ్యాంకు పన్నెండు మైళ్లు, ఏటీఎం సంత దగ్గరే ఉంది. అయిదేళ్లపాటు ఈ ఏర్పాటు చక్కగా నడిచింది కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

కార్డు పనిచేయడం లేదని వచ్చినవారిని నేను కార్డు గురించి ముందు అడగను. ఖాతా తెరిచిన రోజు ఏ కాగితం ఇచ్చారో, ఏ నంబరు రాశారో, ఎలా సంతకం పెట్టారో అడుగుతాను. ఆమెకు ఇవేవీ తెలియవు. మర్నాడు ఇద్దరం శాఖకు వెళ్లాం. లోపలి వ్యక్తులు మర్యాదగానే మాట్లాడారు. ఖాతాదారు రానిదే వివరాలు చెప్పలేమన్నారు, అది సరైన మాటే. సాయంత్రం అతనితో వీడియో కాల్ పెట్టించి, అతని నోటితోనే ఒక్కొక్కటి రాబట్టాను.

మొదట తేలింది కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో బ్యాంకు నిర్ధారించుకునే పద్ధతి, దాని సంగతి. తక్కువ ప్రమాదం ఉన్నవారని బ్యాంకు లెక్కించిన ఖాతాదారుల గుర్తింపు వివరాలను పదేళ్లకు ఒకసారి తాజా పరచాలని రిజర్వు బ్యాంకు నిబంధన. 2013లో తెరిచిన ఖాతాకు ఆ గడువు 2023 చివరిలో తీరింది. కొన్ని నెలలు చూసి బ్యాంకు డబ్బు తీయడాన్ని నిలిపివేసింది. జమ అవుతుంది, తీయడం కుదరదు. పాస్‌బుక్కులో డబ్బు కనిపిస్తూ ఏటీఎంలో రాకపోవడానికి కారణం ఇదే. వివరాల్లో మార్పు లేకపోతే, నమోదైన ఫోను నంబరు నుంచో ఈమెయిల్ నుంచో ఒక స్వీయ ప్రకటన పంపితే చాలని 2023 జనవరిలోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. అంటే మెసయీద్‌లో కూర్చుని అయిదు నిమిషాల్లో ముగించగల పని. నంబరు ఉండి ఉంటే.

నంబరు లేదు. ఆ సిమ్ కథ సరిహద్దు ఊళ్లవారికి చెప్పనక్కరలేదు. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అది ఆంధ్రప్రదేశ్. అక్కడ సిగ్నలు బాగుంటుందని 2013కు ముందే మామగారి పేరు మీద సిమ్ కొన్నారు. అదే నంబరు బ్యాంకుకు ఇచ్చారు. 2021లో చిన్న ఫోను పాడైంది. ఇంట్లో వేరే ఫోను ఉంది కదా అని ఆ సిమ్‌ను డబ్బాలో వేశారు. తొంభై రోజులు ఎలాంటి వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నంబరును తీసివేయవచ్చు. సిమ్‌లో ఇరవై రూపాయల నిల్వ ఉంటే కొంత గడువు పెరుగుతుంది. ఇరవై రూపాయల కోసం నాలుగున్నర లక్షలు బిగుసుకుపోయాయని అప్పుడు ఎవరికి తెలుసు? 2023 వేసవిలో అతను సెలవు మీద వచ్చాడు. నలభై రోజుల కోసం కొత్త సిమ్ కొన్నాడు, వెళ్లేటప్పుడు పారేశాడు. ఏటీఎంలో డబ్బు వస్తోంది కాబట్టి బ్యాంకు గడప తొక్కలేదు.

ఆ పాత నంబరుకు నేనే ఫోను చేశాను. ఒక యువకుడు మాట్లాడాడు. ఏడాదికి పైగా ఆ నంబరు తనదేనన్నాడు. “బ్యాంకు నుంచి సందేశాలు వస్తూనే ఉంటాయండీ. ఏదో కేవైసీ అని ఉంటుంది. మోసం అనుకుని తుడిచేస్తున్నాను” అన్నాడు. అతని జాగ్రత్త అతనిది. కాని ఈ కుటుంబానికి రావలసిన హెచ్చరికలన్నీ ఒక అపరిచితుడి జేబులోకి వెళ్లాయి. ఓటీపీలు కూడా అక్కడికే వెళ్తాయి. ఆ కుర్రవాడు మంచివాడు కావడం మన అదృష్టం. అదే రోజు, ఆ నంబరుకు సందేశాలు ఆపమని, ఇంటర్నెట్ బ్యాంకింగు తెరవవద్దని భార్య చేత శాఖకు రాతపూర్వకంగా ఇప్పించాను. అందినట్టు ముద్ర వేయించుకున్నాం. ఆమెకు ఖాతా మీద హక్కు లేకపోయినా, ప్రమాదం ఉందని చెప్పే హక్కు ఎవరికైనా ఉంటుంది.

ఇక్కడ ఒక పక్క విషయం. శాఖలోని ఫారాలు ఒడియా, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటాయి. ఆమెకు వచ్చినది తెలుగు ఒక్కటే. అయిదేళ్లలో ఆమె బ్యాంకు లోపలికి వెళ్లకుండా ఏటీఎం తెర మీది బొమ్మలను, వరుసను గుర్తుపెట్టుకుని పని నెట్టుకొచ్చింది. కౌంటరు దగ్గర ఒక్క తెలుగు కాగితం ఉండి ఉంటే, గోడ మీద అంటించిన కేవైసీ ప్రకటన ఆమె ముందే చదివి ఉండేది. ఈ మాట నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

నేను ఈ పని చేతిలోకి తీసుకునేలోపే వాళ్లు ఒక ప్రయత్నం చేసి ఉన్నారు. దాన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇదే చేస్తారు. జూలైలో మొదటిసారి డబ్బు రానప్పుడు, కార్డు యజమాని చేతిలో ఉంటే పనిచేస్తుందేమోనని, సెలవు ముగించుకుని వెళ్తున్న పక్క ఊరి మనిషి చేత కార్డును దోహాకు పంపారు. అతను అక్కడి ఏటీఎంలో పెట్టాడు. అనుమతి లేదని తెర మీద వచ్చింది. మరో మనిషి చేత కార్డు తిరిగి వచ్చింది. ఆ కార్డు అక్కడ పనిచేయకపోవడానికి ఒకటి కాదు, మూడు కారణాలున్నాయి. అది దేశం లోపల వాడకానికి ఇచ్చిన మామూలు రూపే కార్డు. విదేశాల్లో చెల్లే రూపే కార్డులు వేరు, అవి డిస్కవర్, డైనర్స్ వంటి సంస్థల వలయం మీద నడుస్తాయి. రెండోది, 2020 జనవరిలో వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, అంతకుముందు ఎన్నడూ విదేశీ లావాదేవీకి వాడని కార్డులో ఆ సదుపాయం ఆపేసి ఉంటుంది. ఖాతాదారు స్వయంగా తెరుచుకోవాలి, తెరవడానికి ఓటీపీ కావాలి, ఓటీపీ పాతపట్నం నంబరుకు వెళ్తుంది. మూడోది, ఖాతాలోంచి తీయడమే ఆగిపోయింది కాబట్టి ఏ దేశంలో పెట్టినా ఫలితం అదే. కార్డు ఒక తాళంచెవి మాత్రమే. గది తలుపుకు లోపలి నుంచి గడియ పడింది.

పిన్ ఇంట్లోవారికి ఇవ్వడం గురించి కూడా అతనికి సూటిగా చెప్పాను. అనధికార లావాదేవీ జరిగితే, మూడు పని దినాల్లో తెలియజేసిన ఖాతాదారుకు రక్షణ ఇస్తూ 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. కాని పిన్ వేరొకరికి చెప్పడం నిర్లక్ష్యం కిందికి వస్తుంది. భర్త కార్డుతో భార్య డబ్బు తీయబోగా ఏటీఎం నుంచి నోట్లు రాకుండా ఖాతాలో 25,000 తగ్గిన కేసు ఒకటి బెంగళూరులో జరిగింది. కార్డు బదిలీ చేయరాదన్న నియమం చూపి, 2018లో అక్కడి వినియోగదారుల ఫోరం ఆ దంపతుల ఫిర్యాదును కొట్టివేసింది. నా దృష్టిలో ఆ తీర్పు కఠినమైనదే. అయినా ఆ నియమం ఉంది, ఉన్నంతకాలం దాని కింద మన ఇళ్ల డబ్బు ఉంటుంది.

ఆపరేషను ఆగదు కదా. ఆ రాత్రి నేను తీసుకున్న మొదటి నిర్ణయం, బిగిసిన ఖాతా జోలికి పోకుండా డబ్బు కొత్త దారిలో తెప్పించడం. “అమ్మా, నీ పేరున ఖాతా ఉందా?” అని అడిగాను. ఉంది. 2015లో తెరిచిన జన్ ధన్ ఖాతా, మహిళా సంఘం డబ్బు కోసం వాడుతోంది. ఆధార్‌తో పూర్తి కేవైసీ అయింది, నంబరు ఆమెదే. ఖతార్‌లో అతను తోటివారి దగ్గర సర్దుబాటు చేసుకుని, ఎక్స్ఛేంజి హౌసు ద్వారా లక్షా డెబ్బై వేలు నేరుగా ఆ ఖాతాకు పంపాడు. అక్కడి నివాస గుర్తింపు కార్డు, వాళ్లు క్యూఐడీ అంటారు, గడువులో ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. దాని గడువు తీరిపోతే అక్కడా డబ్బు పంపనివ్వరు. మూడో రోజున ఆసుపత్రికి కట్టారు. ఇంటి ఖర్చుల డబ్బు ఇకమీదట ఆమె ఖాతాకే వస్తుందని ఆ రోజే తేల్చుకున్నాం. భర్త భార్యకు పంపే డబ్బు మీద ఆమెకు పన్ను పడదు. ఈ ఒక్క ఏర్పాటు 2019లోనే జరిగి ఉంటే ఈ కేసు సగం ఉండేది కాదు.

కాగితాల మీద ఇద్దరు మనుషులు

పాత ఖాతాలో బిగిసిన 4,62,000 సంగతి అయిదు నెలలు పట్టింది. అందులో ఎక్కువ కాలం డబ్బు గురించి కాదు, అతను అతనే అని నిరూపించడం గురించి.

అతని పేరులో ‘వెంకట’ అన్న మాట ఉంది. ఒడియా రాతలో మన ‘వ’ చాలాచోట్ల ‘బ’ అవుతుంది. వాసుదేవుడు బాసుదేబ్ అవుతాడు, విష్ణువు బిష్ణు అవుతాడు. తెలుగువాడు ‘వెంకట’ అని చెబితే ఒడియాలో రాసుకునే గుమస్తా చేతిలో ‘బెంకట’ అవుతుంది. దాన్ని ఇంగ్లీషులోకి ఎక్కించేటప్పుడు ‘బి’ అక్షరమే పడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడి, పర్లాకిమిడి మద్రాసు నుంచి దానిలో చేరినప్పటి నుంచీ రెండు లిపుల మధ్య మన పేర్లు ఇలా జారుతూనే ఉన్నాయి. ఊళ్లో ఉన్నంతకాలం దీని బాధ తెలియదు. పోస్టుమ్యాన్‌కు రెండు పేర్లూ తెలుసు.

2013లో బ్యాంకుకు ఇచ్చినది ఓటరు కార్డు. అందులో ‘బెంకట’, ఇంటిపేరు లేదు. ఆధార్‌లో ‘వెంకట’, ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరును విడి గడిలో రాయడం వల్ల అది చివరికి వెళ్లింది. ఖతార్ గుర్తింపు కార్డు పాస్‌పోర్టును అనుసరించింది. పుట్టిన తేదీ ఓటరు కార్డులో వయసుగా మాత్రమే ఉంది, ఆధార్‌లో జనవరి 1, పాస్‌పోర్టులో బడి రికార్డులోని తేదీ. అన్నిటికంటే పెద్ద చిక్కు సంతకం. 2013లో బ్యాంకులో తెలుగులో సంతకం పెట్టాడు. పాస్‌పోర్టుకు వెళ్లినప్పుడు, విదేశాల్లో తెలుగు చెల్లదని ఎవరో చెప్పారట, ఇంగ్లీషులో పెట్టాడు. అలా చెప్పడం తప్పు, సంతకం ఏ భాషలోనైనా పెట్టవచ్చు. కాని ఆరేళ్ల తేడాలో అతనికి రెండు సంతకాలు తయారయ్యాయి.

శాఖ అధికారి నాతో, “సార్, మీరే చెప్పండి, ఈ కాగితాలు చూస్తే ఒక మనిషి అనిపిస్తాడా?” అన్నాడు. ఆ కుర్చీలో నేనున్నా ఆపేవాణ్ణే. వీడియోలో చూసుకోండి అంటే అదీ కుదరదు. వీడియో ద్వారా గుర్తింపు చేసేటప్పుడు ఖాతాదారు భారతదేశంలోనే ఉండాలని, బయటి దేశపు ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చే కాల్‌ను అనుమతించరాదని నిబంధన. విదేశాల్లో ఉన్నవాడికి ఎంతో పనికొచ్చేది సరిగ్గా అతనికే అందదు. ఆధార్ ఓటీపీ దారి కూడా మూసుకుపోయింది. ఆధార్‌లోనూ పాత నంబరే ఉంది. అప్పట్లో దాన్ని మార్చాలంటే వేలిముద్రలతో ఇక్కడి కేంద్రానికి రావలసి ఉండేది, విదేశీ నంబరుకు ఆ ఓటీపీ వచ్చేది కాదు.

దారి ఒక్కటే మిగిలింది. విదేశాల్లో ఉన్న భారతీయుడి గుర్తింపు పత్రాల నకళ్లను అక్కడి భారత రాయబార కార్యాలయం, అక్కడి నోటరీ, భారతీయ బ్యాంకుల విదేశీ శాఖల అధికారులు ధ్రువీకరించవచ్చని కేవైసీ నిబంధనల్లోనే ఉంది. మా శాఖ రాయబార కార్యాలయం ముద్రే కావాలంది. పాస్‌పోర్టు ఆధారంగా మిగతా పేర్లన్నీ తనవేనని, రెండు సంతకాలూ తనవేనని చెప్పే ప్రమాణపత్రం ఒకటి నేను రాసిచ్చాను. రాయబార కార్యాలయంలోని కాన్సులర్ అధికారి ముందు చేసిన ప్రమాణానికి 1948 నాటి చట్టం ప్రకారం ఇక్కడి నోటరీ ముందు చేసినంత విలువ ఉంటుంది. ఆ కాగితం మీద అతని చేత తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ, కిందా మీదా రెండు సంతకాలూ పెట్టించాను. అధికారి ఎదుట ఒకే చేయి రెండూ పెట్టిందన్న సాక్ష్యం ఈ కేసును నిలబెట్టింది.

ఇక్కడ నా పొరపాటు కూడా రాయాలి. ఒకే ప్రయాణంలో అన్నీ అయిపోవాలని, భార్య పేరున అన్ని అధికారాలూ ఇచ్చే సాధారణ పవర్ ఆఫ్ అటార్నీ కూడా రాసి పంపాను. రాయబార కార్యాలయానికి ఆదివారం నుంచి గురువారం వరకు పని దినాలు, అతనికి సెలవు శుక్రవారం. ఒక రోజు కూలి వదులుకుని దోహా వెళ్లి ముద్రలు వేయించుకున్నాడు. విదేశంలో రాసిన ఆ పత్రానికి ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి, కట్టాం కూడా. తీరా బ్యాంకు దాన్ని ఒప్పుకోలేదు. తమ నమూనాలో, ఆ ఖాతాకు మాత్రమే పరిమితమైన అధికార పత్రం కావాలంది. నేను ముందే శాఖ నుంచి ఆ నమూనా తీసుకోవలసింది. దానివల్ల అయిదు వారాలు, అతనికి ఇంకో రోజు కూలి పోయాయి. రెండోసారి మాత్రం, పారిశ్రామిక ప్రాంతాల్లో శుక్రవారాల్లో అప్పుడప్పుడు పెట్టే కాన్సులర్ శిబిరం గురించి తోటివారు చెబితే, అక్కడే పని ముగించుకున్నాడు.

కేవైసీతోపాటు అతని ఖాతా స్వభావాన్ని కూడా మార్పించాను. ఉద్యోగానికి విదేశం వెళ్లినవాడు మామూలు పొదుపు ఖాతాను అలాగే ఉంచుకోరాదు, బ్యాంకుకు చెప్పి దాన్ని ఎన్‌ఆర్‌ఓ, అంటే విదేశాల్లో ఉండే భారతీయులు ఇక్కడి డబ్బు ఉంచుకునే ఖాతాగా మార్చుకోవాలని 1999 నాటి విదేశీ మారక చట్టం (ఫెమా) కింద నియమం. అయిదేళ్లుగా అతనికి ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో వడ్డీ మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను, దానిపై సెస్సు కోస్తారు. అతను ఫోనులో, “నా కష్టం మీద వచ్చిన వడ్డీలో మూడో వంతు పోతే ఎలా సార్?” అన్నాడు. అందుకే పాత డబ్బు ఎన్‌ఆర్‌ఓలో ఉంచి, ఇకమీద అక్కడి నుంచి దాచుకునే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిపించాం. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. బ్యాంకు నమూనా ప్రకారం భార్యకు ఇచ్చిన అధికారంతో ఆమె ఇక్కడి ఖర్చులకు డబ్బు తీయవచ్చు. ఇతరులకు బహుమతిగా ఇవ్వడం, కొత్త ఖాతా తెరవడం కుదరదు. ఈ హద్దు మంచిదే. గల్ఫ్‌లో ఉన్నవాడి ఖాతా నుంచి బంధువులు అప్పుల కింద లాగేసిన ఇళ్లు నేను చూశాను.

2025 జనవరి మూడో వారంలో ఖాతా విడుదలైంది. పాత కార్డును రద్దు చేయించాం. కొత్తది విదేశాల్లో చెల్లే కార్డు, అతని పేరున, అతని చేతికే. ఖతార్ నంబరు ఖాతాకు నమోదైంది. 2023 జనవరి నుంచి ఖతార్, ఒమన్, సౌదీ, యూఏఈ సహా పలు దేశాల నంబర్లతో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు యూపీఐ అనుమతి ఉంది. అందువల్ల అమ్మ మందుల డబ్బు ఇప్పుడు అతనే నేరుగా దుకాణానికి చెల్లిస్తున్నాడు.

ఈ కేసు తర్వాత, 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు నిబంధనలు మార్చింది. గడువుకు ముందు కనీసం మూడు నోటీసులు ఇవ్వాలి, వాటిలో ఒకటైనా ఉత్తరంగా ఉండాలి. తక్కువ ప్రమాదం ఉన్న ఖాతాలను గడువు తీరిన వెంటనే ఆపకూడదు, ఏడాది సమయం ఇవ్వాలి. ఉత్తరం ఊరికి వచ్చి ఉంటే, ఆ పోస్టుమ్యాన్ అది ఎవరిదో చెప్పి ఉండేవాడు.

2025 ఏప్రిల్‌లో అతను సెలవు మీద వచ్చాడు. దిగిన మూడో రోజున భార్యను, నాలుగో తరగతి చదివే కూతురిని వెంటబెట్టుకుని ఆధార్ కేంద్రానికి వచ్చాడు. నన్నూ రమ్మన్నాడు. నంబరు మార్పు, దాంతోపాటు పుట్టిన తేదీ, పేరు వరుస, ఈ రెండూ పాస్‌పోర్టు ప్రకారం. పేరును జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీని ఒక్కసారే. అందుకని తెర మీది ప్రతి అక్షరం చూసుకోమన్నాను. ఇంగ్లీషు అక్షరాలు నేనూ అతనూ పాస్‌పోర్టు పక్కన పెట్టి సరిచూశాం. ఒడియా వరుస మాకిద్దరికీ అంత ధీమాగా రాదు. ఒడియా బడిలో చదివే కూతురు ముందుకు వంగి చదివింది. “నాన్నా, ఇందులో ‘బెంకట’ అని ఉంది” అంది. ఒడియాలో అలాగే రాస్తామని ఆపరేటరు చెప్పాడు. అతను ఒక నిమిషం ఆలోచించాడు. ఒడియాలో అలాగే ఉండనివ్వండి, ఇంగ్లీషులో మాత్రం ‘వి’ ఉండాలి అన్నాడు. రసీదు తీసుకుని, మడత పెట్టకుండా, పాస్‌పోర్టు మధ్యలో దాచుకున్నాడు.